సంతకానికి ముందు చెప్పాల్సిన మాట: మాజీ సైనికుల ఆపరేషన్లలో అంగీకారం, నిర్లక్ష్యం, బాధ్యత

పొన్నూరు పరిసరాల్లో ఉండే ఒక మాజీ సైనికుడికి మోకాలి ఆపరేషనో ప్రొస్టేటు ఆపరేషనో అవసరమైతే ఆయన పట్టే దారి దాదాపు ఒకటే. ముందు మాజీ సైనికుల చందా ఆరోగ్య పథకం, అంటే ఈసీహెచ్‌ఎస్, గుంటూరులో నడిపే పాలీక్లినిక్‌కు వెళ్లాలి. అక్కడి వైద్యాధికారి చూసి రిఫరల్ రాస్తే, పథకం జాబితాలో ఉన్న గుంటూరు లేదా విజయవాడ ప్రైవేటు ఆసుపత్రిలో చేరాలి. కేసు పెద్దదైతే సికింద్రాబాద్ తిరుమలగిరిలోని మిలిటరీ హాస్పిటల్ దాకా ప్రయాణం తప్పకపోవచ్చు. నౌకాదళంలో పనిచేసినవారికి విశాఖపట్నంలోని ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి తెలిసిన చోటే. ఈ దారి పొడవునా కాగితాలకు కొదవ లేదు. కార్డు చూపాలి, రిఫరల్ ఇవ్వాలి, చేరేటప్పుడొక ఫారం, మత్తుకొక ఫారం, ఆపరేషన్‌కొక ఫారం, అన్నిటి మీదా సంతకాలు చేయాలి. ఈ ఆపరేషన్ ఎందుకు, చేయించుకోకపోతే ఏమవుతుంది, వేరే మార్గం ఉందా, చెడితే ఎంతవరకు చెడవచ్చు అన్న నాలుగు సంగతులు ఏ మజిలీలో, ఎవరు, ఏ భాషలో చెప్పాలన్నది మాత్రం ఆ కాగితాలను బట్టి తెలియదు.

ఈ విషయం మీద చర్చ మన దగ్గర చిక్కుపడటానికి కారణం, మూడు వేరువేరు ప్రశ్నలు ఒకే ముడిలో పడటం. ఆపరేషన్ తగిన జాగ్రత్తతో జరిగిందా అన్నది మొదటిది. ఇది నిర్లక్ష్యానికి సంబంధించిన ప్రశ్న. రోగికి తెలిసి, ఆయన ఒప్పుకున్న మేరకే జరిగిందా అన్నది రెండోది. ఇది అంగీకారం. నష్టం జరిగితే ఎవరిని, ఎక్కడ అడగాలన్నది మూడోది, అంటే బాధ్యత. ప్రభుత్వం డబ్బు పెట్టే వైద్యంలో మూడో ప్రశ్న ముందుకొచ్చి కూర్చుంటుంది. అది తేలాక నిర్లక్ష్యం మీద నిపుణుల సాక్ష్యాలు నడుస్తాయి. అంగీకారం మాటకు వంతు చివర్లో వస్తుంది. ఈ వరుస తిరగబడాలన్నది ఈ సమీక్ష వాదన. కత్తి సరిగ్గా పడిందో లేదో చెప్పగల సాక్షి ఇంకో డాక్టరు. తనకేం చెప్పారో చెప్పగల సాక్షి రోగే. మాజీ సైనికుడికీ ఆయన మీద ఆధారపడిన కుటుంబానికీ అందుబాటులో ఉన్న రక్షణ అంగీకారం దగ్గరే మొదలవుతుంది.

బోలమ్ నుంచి మాంట్‌గోమరీ దాకా

ఈ చర్చకు మూలంగా అందరూ చెప్పుకునేది 1914 నాటి న్యూయార్క్ తీర్పు. మత్తులో పరీక్ష చేయడానికి మాత్రమే ఒప్పుకున్న ఒక మహిళకు డాక్టర్లు కణితి తీసేశారు. ఆపరేషన్ వద్దని తాను ముందే చెప్పానని ఆమె వాదన. బుద్ధి స్థిమితం ఉన్న ప్రతి వయోజనుడికీ తన శరీరాన్ని ఏం చేయాలో నిర్ణయించుకునే హక్కు ఉందని జడ్జి కార్డోజో ఆ తీర్పులోనే సూత్రీకరించారు. ఆ సూత్రాన్ని వందేళ్లుగా ఉదహరిస్తున్నారు. అదే తీర్పులో ఆమె కేసు ఓడిపోయిందన్న సంగతిని అంతగా తలచుకోరు. ఆ ఆసుపత్రి ధర్మసంస్థ కాబట్టి డాక్టర్లు చేసినదానికి అది జవాబుదారీ కాదన్నారు. హక్కును గుర్తించి, ఉచితం అన్న కారణంతో దాన్ని అడిగే చోటు మూసేసిన ఈ పద్ధతి తర్వాత చాలా దేశాల్లో, మన దేశంలో కూడా, వేరు రూపాల్లో కనిపిస్తుంది.

1957లో రెండు తీర్పులు రెండు వైపులకు దారి తీశాయి. లండన్‌లో బోలమ్ కేసులో, బాధ్యత గల వైద్యుల్లో ఒక వర్గం సరైనదిగా భావించే పద్ధతిలో నడుచుకున్న డాక్టరుది నిర్లక్ష్యం కాదన్నారు. విద్యుత్ చికిత్సలో ఎముకలు విరిగే ప్రమాదాన్ని రోగికి ముందుగా చెప్పకపోవడం కూడా ఆ కేసులో ఒక ఆరోపణే. కాబట్టి రోగికి ఏం చెప్పాలన్న విషయానికీ డాక్టర్ల అలవాటే కొలబద్ద అయింది. అదే ఏడాది కాలిఫోర్నియా కోర్టు సాల్గో కేసులో, రోగి తెలివిడితో ఒప్పుకోవడానికి అవసరమైన వాస్తవాలు దాచడం తప్పని చెప్పింది. 1972లో వాషింగ్టన్‌లో కాంటర్‌బరీ కేసు ఆ దారిని విశాలం చేసింది. వెన్ను ఆపరేషన్‌లో పక్షవాతం వచ్చే అవకాశం నూటికి ఒకటే అయినా, రోగి నిర్ణయం దాని మీద ఆధారపడుతుంది కాబట్టి చెప్పి తీరాలన్నారు. 1992లో ఆస్ట్రేలియా హైకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. ఒక కంటికి చేసే ఆపరేషన్ వల్ల రెండో కన్ను పోయే ప్రమాదం 14,000 మందిలో ఒకరికే ఉన్నా, మంచి కన్ను గురించి పదేపదే అడిగిన రోగికి అది చెప్పకపోవడం తప్పేనంది. ఇంగ్లండ్ 1985లో సైడవే కేసులో చాలావరకు బోలమ్‌నే పట్టుకుంది. 2015 మార్చిలో మాంట్‌గోమరీ తీర్పుతో వదిలేసింది. మధుమేహం ఉన్న గర్భిణికి కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కునే అవకాశం నూటికి తొమ్మిది పది దాకా ఉందని డాక్టరుకు తెలుసు. చెబితే సిజేరియన్ అడుగుతుందని చెప్పలేదు. ఆ ఎంపిక డాక్టరుది కాదని బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది.

మన కోర్టులు ఎంచుకున్న నడిమి దారి

భారత సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్నది 2008 జనవరి 16 నాటి సమీరా కోహ్లీ తీర్పులో. ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకుని మత్తులో ఉండగా, డాక్టరు బయటికొచ్చి ఆమె తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఒక పనికి ఇచ్చిన అంగీకారం ఇంకో పనికి చెల్లదనీ, ప్రాణాపాయం ఉంటే తప్ప అంతవరకే ఆగాలనీ, మత్తు దిగితే తానే నిర్ణయించుకోగల మనిషి తరఫున తల్లి సంతకం పనికిరాదనీ కోర్టు స్పష్టంగా చెప్పింది. ఈ మూడూ మన చట్టానికి గట్టి పునాదులు. ఎంత చెప్పాలన్న చోట మాత్రం కోర్టు అమెరికా కొలత వద్దంది. చికిత్స స్వరూపం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, గణనీయమైన ప్రమాదాలు, చేయించుకోకపోతే వచ్చే నష్టం చెబితే చాలు, అరుదైన ప్రమాదాలు చెప్పనక్కర్లేదంది. మన దేశంలో ఎక్కువమంది పేదలు, డాక్టరును దేవుడిలా నమ్మేవాళ్లు, ప్రభుత్వాసుపత్రుల మీద ఆధారపడేవాళ్లు అన్నది కోర్టు చూపిన కారణాల సారం.

ఆ కారణాన్ని గౌరవంతోనే ప్రశ్నించాలి. నమ్మకం ఎక్కువగా ఉన్నచోట చెప్పే బాధ్యత పెరగాలి గాని తగ్గకూడదు. ఇంగ్లిషు ఫారం చదవగల రోగి రెండో డాక్టరు దగ్గరికి వెళ్లి అడుగుతాడు, పుస్తకాలు తిరగేస్తాడు. అలా చేయలేని మనిషికి ఆపరేషన్ చేసే డాక్టరు మాటే మొదటి సమాచారం, చివరి సమాచారం కూడా. పేదరికాన్ని తక్కువ చెప్పడానికి కారణంగా తీసుకుంటే, అవసరం ఎక్కువగా ఉన్నవాడికే హక్కు చిన్నదవుతుంది. సుప్రీంకోర్టే తర్వాత ఈ దిశగా కొంత కదిలింది. 2019లో వచ్చిన అరుణ్‌కుమార్ మాంగ్లిక్, మహారాజా అగ్రసేన్ ఆసుపత్రి తీర్పులు రెండూ బోలమ్ మీద వచ్చిన విమర్శను, మాంట్‌గోమరీని ప్రస్తావించాయి. అయితే సమీరా కోహ్లీ సూత్రాన్ని అవి నేరుగా రద్దు చేయలేదు. కింది వినియోగదారుల కమిషన్లకు ఆధారం ఇప్పటికీ అదే.

మూడు వాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. డాక్టర్ల కొలత ప్రకారం, ఈ సంగతి సాధారణంగా చెబుతారా లేదా అని ఇంకో డాక్టరు వచ్చి సాక్ష్యం ఇవ్వాలి. రోగి కొలత ప్రకారం, తన స్థితిలో ఉన్న మనిషికి ఈ సంగతి ముఖ్యమా కాదా అన్నది న్యాయమూర్తి తానే తూచగలరు. మన నడిమి దారిలో విషయాల జాబితా స్థిరంగా ఉంది. ఏ ప్రమాదం గణనీయం, ఏది అరుదు అన్న దగ్గర మళ్లీ డాక్టర్ల మాటే నడుస్తుంది. ఇది సిద్ధాంతపు తగాదాగా కనిపిస్తుంది గాని, పల్లెటూరి ఫిర్యాదుదారుకు కేసు గెలుపోటములు దీని మీదే ఉంటాయి. ఒక డాక్టరు మీద ఇంకో డాక్టరు సాక్ష్యం చెప్పడానికి ముందుకు రావడం ఎంత కష్టమో అందరికీ తెలిసిందే. 2010లో హైదరాబాద్ నుంచి వెళ్లిన వి. కిషన్ రావు కేసులో, మలేరియా రోగికి టైఫాయిడ్ మందులిచ్చిన వ్యవహారంలో, ప్రతి కేసుకూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పడం వెనుక ఉన్నది ఈ ఇబ్బందే. అంగీకారం కేసులో ఆ వెసులుబాటు ఇంకా సహజంగా వర్తించాలి.

వృత్తి నిబంధనల సంగతి కూడా చూడాలి. డాక్టర్ల ప్రవర్తనపై 2002 నాటి నిబంధనల్లో 7.16, ఆపరేషన్‌కు ముందు భర్త లేదా భార్య దగ్గర, మైనరైతే తల్లిదండ్రులు లేదా సంరక్షకుల దగ్గర, లేదా రోగి దగ్గర రాతపూర్వక అంగీకారం తీసుకోవాలంటుంది. ఆ వరుసలో రోగి చివరివాడు. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చి, అదే నెలలో పక్కన పెట్టేయడంతో పాతవే నడుస్తున్నాయి. తల్లి సంతకం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పాక కూడా, బంధువు చేత సంతకం పెట్టించే అలవాటుకు ఈ వాక్యం ఊతంగా మిగిలింది.

నిమ్స్ కేసు

తెలుగు నేల మీద అంగీకారానికి సంబంధించి ఇంతకన్నా ముఖ్యమైన కేసు లేదు. 1990లో జ్వరం తగ్గక హైదరాబాద్‌లోని నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చిన ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలో, వెన్నుకు దగ్గరగా కణితి కనిపించింది. ముక్క తీసి పరీక్ష చేయడానికి ఛాతీ తెరవాలన్నారు. ఆ మేరకు ఒప్పుకున్నాడు. 1990 అక్టోబరు 23న ఆపరేషన్ బల్ల మీద సర్జన్ కణితి మొత్తాన్ని తీశారు. దానితోపాటు పక్కటెముక, కొన్ని రక్తనాళాలు తొలగించారు. మత్తు దిగేసరికి నడుము కింది భాగం చచ్చుబడింది. వెన్నుపాముకు అంత దగ్గరలో ఉన్న కణితి విషయంలో న్యూరోసర్జన్‌ను ముందుగా కలుపుకోలేదు. ఫిర్యాదు జాతీయ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లింది. 1999లో కమిషన్ 15.5 లక్షల రూపాయలు ఇవ్వమంది. 2009 మే 14న సుప్రీంకోర్టు దాన్ని వడ్డీ కాకుండా కోటి రూపాయలకు పెంచింది. ఆపరేషన్ జరిగిన నాటికి చదువుకుంటున్న కుర్రాడు తుది తీర్పు నాటికి నలభైకి దగ్గరపడ్డాడు.

ఈ కేసును పరిహారం మొత్తం వల్లే ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నారు. అంగీకారం మీద కోర్టు చెప్పింది అంతకన్నా విలువైనది. పరీక్ష కోసం ఛాతీ తెరవడానికి ఒప్పుకున్నాడంటే, అవసరమైతే మొత్తం తీయడానికి కూడా ఒప్పుకున్నట్టేనని ఆసుపత్రి వాదించింది. ఆ ఊహను కోర్టు ఒప్పుకోలేదు. సమీరా కోహ్లీ సూత్రాన్ని వర్తింపజేసింది. తీయకుండా కుట్లు వేసి, ఫలితం వచ్చాక రోగితో మాట్లాడే వీలున్నప్పుడు, బల్ల మీద పడుకున్న మనిషి తరఫున డాక్టరు నిర్ణయించకూడదు. ఇక్కడ ఇంకో పాఠం ఉంది. ఈ కేసులో నిర్లక్ష్యం, అంగీకార లోపం రెండూ కలిసే ఉన్నాయి, పరిహారం లెక్క మాత్రం శరీరానికి జరిగిన నష్టం మీదే నడిచింది. సమీరా కోహ్లీ కేసులో అంగీకార లోపం స్పష్టంగా రుజువైనా, కోర్టు ఇప్పించింది 25,000 రూపాయలు, ఆపరేషన్ ఫీజు మాఫీ. అవయవం పోయిన విషయంలో డాక్టరుది మంచి ఉద్దేశమే అన్నారు. అడగకుండా చేసినందుకే చెల్లించాల్సిన మూల్యం ఇంత స్వల్పమైతే, ఆసుపత్రులు ఫారం మీద సంతకంతో తృప్తి పడటంలో వింత లేదు.

ఉచిత వైద్యమా, హక్కైన వైద్యమా

ఇక బాధ్యత ప్రశ్న. 1995 నవంబరు 13న ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంత తీర్పు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. అందరికీ ఉచితంగా సేవ చేసే ఆసుపత్రిని మినహాయించింది. అయితే బీమా సంస్థో యజమానో డబ్బు కడితే అది ఉచితం కాదంది. 2007లో కిశోర్ లాల్ కేసులో ఈఎస్ఐ ఆసుపత్రులకు చట్టం వర్తిస్తుందన్నారు, కార్మికుడి జీతం నుంచి చందా పోతుంది కాబట్టి. రైల్వే ఆసుపత్రి విషయంలోనూ, ఉద్యోగ షరతుల్లో భాగంగా వచ్చే వైద్యం ధర్మం కాదన్నారు. ఈ వరుసలో చూస్తే మాజీ సైనికుల స్థానం తేటగా ఉంది. 2003 ఏప్రిల్ 1న మొదలైన ఈసీహెచ్‌ఎస్ పేరులోనే చందా పథకం. ఆ తేదీ తర్వాత పదవీ విరమణ చేసినవారికి చేరిక తప్పనిసరి, చందా కట్టాల్సిందే. ప్రైవేటు ఆసుపత్రికి బిల్లు కట్టేది ప్రభుత్వం. కాబట్టి ఉచితం అన్న వాదనకు ఇక్కడ తావు లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నివాసం ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. పొన్నూరు వాసి విజయవాడ ఆసుపత్రి మీద గుంటూరు కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోగలడు.

సైన్యం నేరుగా నడిపే ఆసుపత్రుల్లో చిక్కు ఎక్కువ. ఇక్కడ రెండు దేశాల అనుభవాన్ని ఒకే రకమైన తప్పు దగ్గర పోల్చవచ్చు. అమెరికా సైనిక ఆసుపత్రిలో కడుపు ఆపరేషన్ జరిగిన ఒక సైనికుడికి ఎనిమిది నెలల తర్వాత రెండో ఆపరేషన్‌లో, లోపల 30 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు ఉన్న తువ్వాలు దొరికింది. దాని మీద సైనిక వైద్య విభాగం గుర్తు ఉంది. 1950లో ఈ కేసును ఫెరెస్ అనే మరో కేసుతో కలిపి విన్న అమెరికా సుప్రీంకోర్టు, విధుల్లో ఉన్న సైనికుడు ప్రభుత్వం మీద దావా వేయలేడంది. 2020 రక్షణ బడ్జెట్ చట్టం దాకా ఆ తలుపు మూసే ఉంది. ఇప్పుడు కూడా దావా కాదు, శాఖకు అర్జీ పెట్టుకోవచ్చు, అంతే. మన దగ్గర 1963లో ఔరంగాబాద్ ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న బాలింత కడుపులోనూ తువ్వాలే మరిచారు. ఆమె చనిపోయింది. 1996లో అచ్యుతరావు ఖోడ్వా తీర్పులో, ఆసుపత్రి నడపడం రాజ్యాధికారపు పని కాదనీ, ప్రభుత్వం పరిహారం కట్టాలనీ సుప్రీంకోర్టు చెప్పింది. ముప్పై మూడేళ్లు పట్టింది గాని, సూత్రం రోగి వైపు నిలిచింది.

ఆ సూత్రం సైనిక ఆసుపత్రి దాకా చేరింది 2023 సెప్టెంబరు 26న. ఆపరేషన్ పరాక్రమ్ సమయంలో, 2002 జులైలో, జమ్మూలోని సాంబా 171 మిలిటరీ హాస్పిటల్‌లో వైమానిక దళ ఉద్యోగి ఒకరికి రక్తం ఎక్కించారు. 2014లో ఆయనకు హెచ్ఐవీ ఉన్నట్టు బయటపడింది. 2016లో ఉద్యోగం నుంచి పంపించారు. 2021లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఆయన ఫిర్యాదు కొట్టేసింది. సుప్రీంకోర్టు దాన్ని తిరగరాసి, సైన్యం, వైమానిక దళం కలిసి 1,54,73,000 రూపాయలు చెల్లించాలంది. యూనిఫాం వేసుకున్నవాడు కూడా రోగే అన్న సంగతి మన చట్టంలో ఇంత గట్టిగా ఎన్నడూ రాలేదు.

అమెరికాలో పదవీ విరమణ చేసిన సైనికుల పరిస్థితి విధుల్లో ఉన్నవారికన్నా మెరుగు. వెటరన్స్ ఆసుపత్రుల మీద దావా వేయవచ్చు. దావా వద్దనుకుంటే, అక్కడి చికిత్స వల్ల వైకల్యం పెరిగితే దాన్ని సైనిక సేవలో వచ్చిన వైకల్యంతో సమానంగా లెక్కించి పింఛను ఇచ్చే ఏర్పాటు ఉంది. కొరియా యుద్ధంలో పనిచేసిన గార్డ్‌నర్ వెన్ను ఆపరేషన్ తర్వాత కాలు బలహీనపడిందని అడిగిన కేసులో, 1994లో అమెరికా సుప్రీంకోర్టు తప్పు రుజువు చేయనక్కర్లేదంది. తర్వాత అమెరికా కాంగ్రెస్ చట్టం మార్చి తప్పునో, ఊహించలేని సంఘటననో చూపాలంది. అంగీకారం సరిగా తీసుకోకపోవడం ఆ తప్పుల్లో ఒకటి. ఆ నిబంధనల్లో చికిత్స స్వరూపం, ప్రమాదం, ప్రత్యామ్నాయం, ఏమీ చేయకపోతే ఏమవుతుందన్నది రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని రాసి ఉంది. మన పథకానికి ఇలాంటి పింఛను మార్గం ఒకటి ఉంటే, ఇరవై ఏళ్ల వ్యాజ్యం బదులు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా అర్జీతో తేలే కేసులు ఎన్నో ఉంటాయి. ఇది పరిశీలించదగిన దారి.

కార్డు మీద ఉన్న ఇతర పేర్లు

మాజీ సైనికుల వైద్యం అనగానే ఒక మగవాడి బొమ్మే మనసులో మెదులుతుంది. కార్డులు భార్యకు, ఆధారపడిన తల్లిదండ్రులకు, పిల్లలకు కూడా ఉంటాయి. సైనికుడు బ్యారక్స్‌లో నేర్చిన హిందీతో ఏ రాష్ట్రపు డాక్టరుతోనైనా మాట్లాడగలడు. పొన్నూరు, బాపట్ల, చీరాల పల్లెల్లో పొలం పనులతో సంసారం నడిపిన భార్యకు తెలుగు తప్ప తెలియదు. ఆమెకు చెప్పాల్సిన సంగతి భర్తకు చెబుతారు, ఆయన తనకు అర్థమైనంత చెబుతాడు. ఇది ఊహ మీద నిలిచే ఆందోళన కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంలో నూటికి 3.2 అయితే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఈ తేడాను రోగాల తేడాతో మాత్రమే వివరించలేం. అవసరం లేని ఈ ఆపరేషన్లపై మార్గదర్శకాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. సమీరా కోహ్లీ తీర్పు కూడా గర్భసంచి గురించే అని గుర్తుంచుకోవాలి. మాజీ సైనికుడి అంగీకారం గురించి మాట్లాడుతూ ఆయన భార్య అంగీకారాన్ని ఆయన సంతకంలో కలిపేస్తే, సగం సమస్యను చూడనట్టే.

సైనికుడి వైపు మరో ఒత్తిడి ఉంది. విధుల్లో ఉన్నంతకాలం ఆర్మీ డాక్టరు అంటే డాక్టరే కాదు, హోదాలో పై అధికారి. వైద్య శ్రేణి మీద పదోన్నతులు, పోస్టింగులు ఆధారపడతాయి. పాతికేళ్లు అలా గడిపిన మనిషి తర్వాత మిలిటరీ హాస్పిటల్‌లో ఇంకో అధికారి ముందు కూర్చున్నప్పుడు, వద్దు అనడం, ఇంకొకరిని అడిగొస్తాను అనడం అంత తేలిక కాదు. సమ్మతికి స్వేచ్ఛ ప్రాణం. ఆ స్వేచ్ఛను పుట్టించే బాధ్యత ఎక్కువ అధికారం ఉన్నవారిదే.

అభ్యంతరాలు

డాక్టర్ల వైపు నుంచి వచ్చే మొదటి అభ్యంతరం సమయం. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి లాంటి చోట జిల్లాల నుంచి వచ్చే రద్దీలో ఒక్కొక్కరికీ అరగంట కూర్చుని చెప్పడం అసాధ్యం అంటారు. అది నిజమే. కానీ ఈసీహెచ్‌ఎస్‌లో ముందే నిర్ణయించిన ఆపరేషన్లు ఎక్కువ. శుక్లాలు, మోకాలి మార్పిడి, హెర్నియా, ప్రొస్టేటు లాంటివి రోజుల ముందే తేదీ ఇచ్చి చేస్తారు. చేరిన రాత్రి కాకుండా తేదీ ఇచ్చిన రోజే తెలుగులో ఒక కాగితం చేతికిచ్చి, ఇంటికి తీసుకెళ్లి చదివించుకోమంటే డాక్టరు సమయం ఖర్చు కాదు. అత్యవసరం వేరు. ప్రాణం కోసం చేసే పనికి అంగీకారం ఆగకూడదని సమీరా కోహ్లీ తీర్పే చెప్పింది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. అన్నీ చెబితే రోగి భయపడి మానేస్తాడు, గుండె ఆపరేషన్ కావలసినవాడు ఇంట్లో చనిపోతాడు అంటారు. ఇందులో బాధ ఉంది, తోసిపుచ్చకూడదు. అయితే ఆపరేషన్ మానితే వచ్చే నష్టాన్ని కూడా చెప్పాలన్నది ఇదే సూత్రంలో భాగం. ఒక వైపే చెప్పడం వల్ల వచ్చే భయానికి మందు రెండో వైపు చెప్పడం. పెద్దవయసులో చాలామంది తామే, మీకు తెలుసు కదా బాబూ, మీ ఇష్టం అంటారు. అది కూడా ఒక నిర్ణయమే, దాన్ని గౌరవించాలి. అయితే అది రోగి నోటి నుంచి రావాలి గాని, ఆయన అలా అంటాడని డాక్టరు ముందే అనుకోకూడదు. ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయించుకునే మన పద్ధతిలోనూ తప్పు లేదు, ఆ కూర్చున్నవారిలో రోగి ఉన్నంతవరకు.

మూడోది వ్యాజ్యాల భయం. చెప్పిన ప్రతి మాటా తర్వాత కేసవుతుందన్న ఆందోళనతో డాక్టర్లు రక్షణ కోసం అనవసర పరీక్షలు రాస్తారంటారు. 2005 జేకబ్ మాథ్యూ తీర్పు క్రిమినల్ కేసులకు తీవ్ర నిర్లక్ష్యం ఉండాలని గట్టి గడప కట్టింది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత నమోదైన వైద్యులకు శిక్షను రెండేళ్లకు పరిమితం చేసింది. సివిల్ వైపు కూడా ఒక అనుభవం ఉంది. కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లోని వెటరన్స్ ఆసుపత్రి 1987 నుంచి, తప్పు జరిగితే తానే రోగికి చెప్పి, పరిహారం అడిగే మార్గం కూడా చెప్పే విధానం పాటించింది. 1999లో ప్రచురించిన ఫలితాల్లో, అలాంటి ఇతర ఆసుపత్రులతో పోలిస్తే దాని చెల్లింపులు మితంగానే ఉన్నాయి. ఒక్క ఆసుపత్రి అనుభవం నియమం కాదు. కానీ దాచడమే రక్షణ అన్న నమ్మకానికి అది ఎదురు సాక్ష్యం.

ఇంకా తేలనివి

ఎంత చెప్పాలన్న కొలత మీద సుప్రీంకోర్టు విస్తృత ధర్మాసనం ఒక్కసారి తేల్చాల్సి ఉంది. శరీరానికి నష్టం లేకపోయినా అడగకుండా చేసినందుకే పరిహారం ఎంత ఉండాలన్నదీ తేలలేదు. వీటికన్నా మాజీ సైనికులకు దగ్గరి ప్రశ్న, రిఫరల్ గొలుసులో చెప్పే బాధ్యత ఎవరిదన్నది. పాలీక్లినిక్ వైద్యాధికారి ఆపరేషన్ చేయడు కాబట్టి చెప్పడు. ఆసుపత్రి సర్జన్‌కు రోగి రిఫరల్‌తో వచ్చాడు కాబట్టి, ఆపరేషన్ సంగతి అప్పటికే నిర్ణయమైపోయిందన్న భావన కలుగుతుంది. ఈ రెంటి మధ్య ప్రత్యామ్నాయం గురించిన మాట జారిపోతుంది. కోత పెట్టే డాక్టరుదే తుది బాధ్యత అని చెబుతూనే, మందులతో, వ్యాయామంతో సరిపోతుందా అన్న సంభాషణ పాలీక్లినిక్‌లోనే జరిగి రిఫరల్ మీద నమోదు కావాలి. బిల్లు ఎక్కడినుంచి వస్తుందన్న దానితో సంబంధం లేని డాక్టరు దగ్గర ఆ మాట ముందుగా జరగడం మంచిది.

చివరిది కాలపరిమితి. వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్ల గడువు, ఆలస్యానికి కారణం చూపితే మన్నింపు ఉంటుంది. 2002 నిబంధనల ప్రకారం ఆసుపత్రి రికార్డులు మూడేళ్లు ఉంచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. సాంబా కేసులో హాని పన్నెండేళ్లకు బయటపడింది. ఆపరేషన్‌లో పెట్టిన కృత్రిమ కీలు పదేళ్ల తర్వాత వదులు కావచ్చు. అప్పటికి సంతకం చేసిన ఫారం, అందులో రాసిన ప్రమాదాల జాబితా భద్రంగా ఉంచాల్సిన బాధ్యత ఆసుపత్రికి మిగలదు. సంతకం పెట్టిన ప్రతి కాగితానికీ ఒక నకలు, తెలుగులో, డిశ్చార్జి కాగితాలతోపాటు రోగి చేతికి ఇవ్వాలన్న ఒక్క షరతును ఈసీహెచ్‌ఎస్ తన జాబితాలోని ఆసుపత్రుల ఒప్పందంలో చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కోర్టు తీర్పు కోసం ఎదురుచూడనక్కర్లేదు.